గార్డుగారింటి లిప్పియా

మా మేనత్త భర్త రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యాక గుణదలలో కొండకు కాస్త ఎడంగా ఒక ఇల్లు కట్టుకున్నాడు. ఇల్లు ఎంత చిన్నదో, ఇంటిముందు ఖాళీస్థలం అంత పెద్దది. ఇంకొకరైతే అందులో రెండు కొబ్బరి మొక్కలు పాతి, ఓ పక్కన వంగ మడి వేసుకునేవారు. మామయ్య మాత్రం లాన్ వేస్తానన్నాడు.

దానికో కారణం ఉంది. ఉద్యోగంలో ఉండగా సంతకాల కోసం అప్పుడప్పుడూ ఒక పెద్ద ఆఫీసరు బంగళాకు వెళ్లాల్సి వచ్చేదట. గేటు నుంచి వరండా దాకా పచ్చటి లాన్. దాని నడిమధ్య దొరగారి కుక్క వెల్లకిలా పడుకునేది. మామయ్య మాత్రం చుట్టూ వేసిన కంకర దారిలో నడిచి వెళ్లాలి.

“ఆ కుక్క నావంక చూసే చూపు నువ్వు చూడలేదమ్మాయ్. ‘పాసు ఉందా?’ అని అడిగినట్టే ఉండేది” అని చెప్పేవాడు నాతో.

అవి డెబ్భైల మొదటి సంవత్సరాలు. నేను బోటనీలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, విజయవాడలోనే ఒక ఆడపిల్లల కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా కొత్తగా చేరాను. మా అమ్మానాన్నలు అవనిగడ్డ వైపు పల్లెలో ఉండేవారు కాబట్టి నా మకాం అత్తయ్యావాళ్లింట్లో. అందువల్ల ఈ లాన్ వ్యవహారం మొదటినుంచీ చివరిదాకా నా కళ్లముందే జరిగింది. జరగడమేమిటి, సగం నావల్లే జరిగింది.

మొదట కడియం నుంచి లాన్ గడ్డి వచ్చింది. మామయ్య పాత స్నేహితుడొకాయన దాన్ని రైల్లో గార్డు ఉండే బ్రేక్‌వాన్‌లో పెట్టుకుని, దారి పొడుగునా నీళ్లు చిలకరిస్తూ తెచ్చాడు. మార్చిలో పచ్చగా ఉంది. ఏప్రిల్లో గోధుమరంగుకు తిరిగింది. మే నెల వచ్చేసరికి నడిస్తే అప్పడాలు విరిగిన చప్పుడయ్యేది. విజయవాడ ఎండ సంగతి తెలిసినవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. మామయ్య మాత్రం రెండు రోజులు సరిగా భోంచేయలేదు.

“కొత్తిమీర జల్లుకుంటానంటే వద్దన్నారు. కనీసం గేదె ఉన్నా ఆ గడ్డి తినేది” అంది అత్తయ్య. ఆవిడ ఓదార్పు ఎప్పుడూ అలాగే ఉండేది.

ఆ వేసవిలోనే నేనొకరోజు మొక్కల నమూనాల కోసం రేకుపెట్టె భుజాన తగిలించుకుని బందరు కాలువ గట్టుకి వెళ్లాను. కాలువ కట్టేసిన నెలలు. నీళ్లు లేవు, బురద కూడా ఎండి పెచ్చులు లేచింది. గట్టుమీద మాత్రం ఒకచోట చాప పరిచినట్టు దట్టంగా, ఆకుపచ్చగా ఏదో అల్లుకుని ఉంది. దానిమీదుగా గేదెలు నడిచి వెళ్తున్నాయి, సైకిళ్లు వెళ్తున్నాయి, ఒకాయన దానిమీదే తువ్వాలు పరుచుకుని నిద్రపోతున్నాడు. ఇంత జరుగుతున్నా దాని పచ్చదనం పిసరంతైనా చెదరలేదు.

వంగి చూస్తే బొక్కెనాకు. పల్లెలో చిన్నప్పుడు దాని మీద ఆడుకున్నాను, ఎమ్మెస్సీలో దాని లాటిన్ పేరు బట్టీపట్టాను. ఆ రెండూ ఒకటేనని ఆ క్షణంలోనే నాకు గట్టిగా తెలిసింది. ఒక గుప్పెడు పీకి పెట్టెలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

మామయ్య వరండాలో కూర్చుని, చచ్చిపోయిన లాన్ వైపు చూస్తున్నాడు.

“ఏంటమ్మాయ్ అది, గోంగూరా?”

“కాదు మామయ్యా, బొక్కెనాకు. కాలువ కట్టేసినా ఇది ఎండలేదు చూడు. గేదెలు తొక్కుతున్నా చావలేదు.”

మామయ్య కుర్చీలోంచి లేచాడు. గేదెలు తొక్కినా చావని పచ్చదనం గురించి ఆయన జీవితంలో వినడం అదే మొదటిసారి. నేను నా భూతద్దం ఇచ్చి చూపించాను. కాడ నిటారుగా లేవదు, నేలను కరుచుకుని పాకుతుంది. పాకినంత దూరం ప్రతి కణుపు దగ్గరా కిందికి వేళ్లు దించుతుంది, పైకి ఎదురెదురుగా రెండు ఆకులు వేస్తుంది. ఆకు మొదట్లో సన్నగా, చివర వెడల్పుగా చిన్న గరిటెలా ఉంటుంది, ఆ చివర మాత్రమే రంపప్పళ్లు. ఒకచోట తెగితే, తెగిన ముక్క తన వేళ్లతో తాను బతుకుతుంది. ఏడాదితో చచ్చిపోయే రకం కాదు.

“పువ్వు పూసిద్దా?”

“పూస్తుంది. ఆకూ కాడా కలిసే పంచలోంచి పొడుగాటి కాడ మీద గుండీ అంత గుత్తి లేస్తుంది. పూలు కింది వరసలో మొదలై ఉంగరంలా విచ్చుకుంటూ పైకి వెళ్తాయి. పై గుత్తి ఊదారంగు, చుట్టూ తెల్లపూల ఉంగరం. గుత్తి రోజురోజుకీ పొడుగై పిప్పలికాయలా అవుతుంది.”

“దీని చుట్టాలెవరు?”

రైల్వే మనిషి కదా, ఎవరు ఏ డివిజనో తెలియాలి. “టేకు చెట్టుదీ దీనిదీ ఒకే కుటుంబం మామయ్యా” అన్నాను. అప్పటి పుస్తకాల ప్రకారం అది నిజమే.

ఆ మాటతో పని పూర్తయింది. మామయ్య బొక్కెనాకును రెండు చేతుల్లోకీ తీసుకుని, “టేకు! చూడు, ఎంత అణకువగా ఉందో” అన్నాడు. ఆ రోజు నుంచీ వచ్చినవాళ్లందరికీ తన లాన్ టేకుకు స్వయానా చెల్లెలని చెప్పేవాడు. చాలా ఏళ్ల తర్వాత శాస్త్రవేత్తలు టేకును ఆ కుటుంబంలోంచి తీసి తులసి కుటుంబంలో కలిపారు. ఆ కబురు నేను ఆయనకు చేరనివ్వలేదు.

“అంతా బాగుంది గానీ పేరే బాలేదు. లాన్‌కి బొక్కెన ఏంటి, బావిలో వేసే బకెట్టులాగా! ఇంగ్లీషులో ఏమంటారు?”

“లాటిన్‌లో లిప్పియా అంటారు.”

“లిప్పియా!” మామయ్య ఆ పేరును నోట్లో చప్పరించాడు. “లిప్పియా. దొరసాని పేరులా ఉంది. అదే ఖాయం.”

మర్నాడే సైకిలు వెనక తడిపిన గోతాం కట్టుకుని కాలువ గట్టుకి పోయి ముక్కలు కోసుకొచ్చాడు. జానెడు ఎడంగా నాటాడు. బియ్యం కడిగిన నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు, అన్నీ దానికే. తొలకరి పడేసరికి ముక్కలు ఒకదానివైపు ఒకటి పాకి చేతులు కలిపాయి. వినాయకచవితి వెళ్లేసరికి ఇంటిముందు మట్టి కనపడలేదు. మామయ్య గేటు దగ్గర చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని, దానిమీద ఆ చివరినుంచి ఈ చివరికి నడిచేవాడు. మళ్లీ వెనక్కి నడిచేవాడు. అత్తయ్య కాఫీకి పిలిచినా వచ్చేవాడు కాదు.

ఇక్కడ మన భాష సంగతి ఒకటి చెప్పాలి. తెలుగులో గేదె వచ్చినా ‘వచ్చింది’ అంటాం, కోడలు వచ్చినా ‘వచ్చింది’ అంటాం. చాపకైనా, చెల్లెలికైనా క్రియ ఒకటే. ఈ సౌకర్యం మా కొంప ముంచింది.

మా పక్కింటివాళ్లకు వన్ టౌన్‌లో హోల్‌సేల్ బట్టల కొట్టు ఉండేది. ఆయన పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే రాక. ఆవిడకు పగలంతా గోడ ఇవతలినుంచి మా ఇంట్లో మాటలే కాలక్షేపం. గోడ ఎత్తు కాబట్టి వినపడేదే గానీ ఏమీ కనపడేది కాదు. ఆవిడకు వినిపించినవి ఇలాంటివి:

“లిప్పియాకి నీళ్లిచ్చావా?” అని మామయ్య.

“పొద్దున బియ్యం కడుగు పోశాను, చాలదూ?” అని అత్తయ్య.

“పాపం, రాత్రంతా వానలో తడిసి ఎంత కళకళ్లాడుతుందో చూడు.”

“అది మరీ పెరిగిపోతోంది. మెట్లమీదికి వచ్చేస్తోంది. కత్తిరించి అవతల పారేయండి, నేనైతే ఊరుకోను.”

“నా ప్రాణం పోయినా లిప్పియాని బయటికి పంపను!”

కొన్నాళ్లు ఓపికపట్టి, ఒకరోజు పక్కింటావిడ గోడమీదుగా అత్తయ్యను పిలిచింది. అప్పుడు అత్తయ్య స్నానానికి వెళ్లింది. నేను కాలేజీకి బయల్దేరుతున్నాను.

“ఏమ్మా, మీ ఇంట్లో ఉంటున్న ఆ ఆంగ్లో ఇండియన్ పిల్ల ఎవరు? రైల్వే కాలనీ పిల్లా?”

నాకు బస్సు టైమైపోతోంది, ‘ఆంగ్లో ఇండియన్’ అన్న ముక్కే పట్టించుకున్నాను. మా కాలేజీలో ఒక ఆంగ్లో ఇండియన్ లెక్చరరు ఉండేది, ఆవిడ గురించి అడుగుతోందనుకుని “అవునండీ, చాలా మంచిది” అని చెప్పి పరిగెత్తాను.

ఇంక చెప్పేదేముంది! ఆ కబురు పక్కింటినుంచి పాలావిడకు, పాలావిడనుంచి అత్తయ్య వెళ్లే చర్చిలోని స్త్రీల సమాజానికి చేరింది. గార్డుగారు లిప్పియా అనే దిక్కులేని పిల్లను తెచ్చి వానలో, ఎండలో ఆరుబయట పడేస్తున్నారనీ, కుడితినీళ్లు తాగిస్తున్నారనీ, అత్తయ్య ఆ పిల్లను కత్తిరిస్తానంటోందనీ. సమాజం వాళ్లు అత్తయ్యతో ఏమీ అనలేదు. వరసగా రెండు వారాలు ఆవిడను చూసి కళ్లు తుడుచుకున్నారు. తనకేదో పెద్ద జబ్బుందని, డాక్టరు తనకు చెప్పకుండా వీళ్లకు చెప్పాడని అత్తయ్య భయపడింది.

చివరికి పాస్టరుగారే వచ్చారు. ఆయన చల్లపల్లి నుంచి కొత్తగా బదిలీమీద వచ్చినాయన. సన్నగా, మృదువుగా ఉండే మనిషి. ఎవరినైనా మందలించాల్సి వస్తే ముందు ఆయనకే చెమటలు పట్టేవి. అప్పటికే సాయంత్రం చీకటి పడుతోంది. ఆయన గేటు తీసుకుని, మామయ్య వేయించిన ఇటుకల దారిమీద తలవంచుకుని వచ్చి వరండాలో కూర్చున్నారు. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. అత్తయ్య ఆయన్ని చూసి, తన జబ్బు సంగతి చెప్పడానికే వచ్చారని లోపలి గదిలో మంచం మీద కూలబడింది.

“గార్డుగారూ, ఏమీ అనుకోవద్దండీ. మీ దగ్గర... లిప్పియా అని...”

మామయ్య మొహం లైటు వేసినట్టు వెలిగిపోయింది. “మీదాకా వచ్చిందా అయ్యగారూ కబురు!”

“సంఘమంతా చెప్పుకుంటున్నారండీ.”

“చెప్పుకోరూ మరి? గుణదల మొత్తంలో ఇంకెవరికీ లేదు.”

పాస్టరుగారు చేతిరుమాలు తీశారు. “ఎక్కణ్ణుంచి తెచ్చారండీ?”

“కాలవ గట్టుమీద పడుందండీ, అడిగే దిక్కు లేకుండా. నేనే వెళ్లి, గోతాంలో కుక్కి, సైకిలు వెనక కట్టి తెచ్చా.”

“గోతాంలోనా?”

“తడిగోతామండీ! పొడిదైతే దారిలోనే చచ్చిపోయేది.”

“ఒక్క... ఒక్క ఊపునే తెచ్చారా?”

“లేదండీ, ముక్కలు ముక్కలుగా తెచ్చా. నాలుగైదు ట్రిప్పులు పట్టింది.”

పాస్టరుగారు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నారు. తర్వాత చాలా చిన్న గొంతుతో, “ఇప్పుడు ఎక్కడుంది?” అన్నారు.

“అదుగో బయటే. అట్టా నేలమీద పడుంటది. ఒకసారి తొక్కి చూడండి అయ్యగారూ, మెత్తగా ఎంత హాయిగా ఉంటదో! మొహమాటపడకండి. తొక్కేకొద్దీ దానికి బలం. నేనూ మా ఆవిడా రోజూ పొద్దున్నే తొక్కుతాం.”

పాస్టరుగారు లేచి నిలబడ్డారు. “గార్డుగారూ, ప్రార్థన చేసుకుందాం.”

తన లాన్‌ను ఆశీర్వదించబోతున్నారనుకుని మామయ్య పరమానందంతో కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. నేను కాఫీ గ్లాసులతో గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

“ప్రేమగల తండ్రీ, ఈ ఇంటి బయట నలిగిపోతున్న ఆ నిర్భాగ్యురాలిని కనికరించు. ఈ సహోదరుడి గుండెను మెత్తబరచు. ముక్కలైపోయిన ఆమె...”

“ఆమెన్!” అన్నాడు మామయ్య గట్టిగా, ప్రార్థన అయిపోయిందనుకుని.

ఆ ‘ఆమె’ అనే మాట దగ్గరే నాకు సంగతి అర్థమైంది. లిప్పియాను ‘ఆమె’ అన్న మొదటి మనిషి పాస్టరుగారే. గోడ అవతలావిడ నన్నడిగిన ప్రశ్న కూడా అప్పుడే గుర్తొచ్చింది. నవ్వు ఆపుకోబోతే చేతిలో కాఫీ సగం నా చీరమీదే ఒలికింది. గ్లాసులు కిందపెట్టి, వరండా లైటు వేసి, “అయ్యగారూ, ఒక్కసారి ఇలా రండి” అని మెట్లు దింపి నేల చూపించాను. “ఇదేనండీ లిప్పియా. బొక్కెనాకు.”

ఆయన నేలకేసి చూశారు. నన్ను చూశారు. మళ్లీ నేలకేసి చూశారు. తర్వాత అక్కడే గొంతుక్కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఏడుస్తున్నారేమోనని మామయ్య కంగారుపడి వంగి చూస్తే, ఆయన భుజాలు నవ్వుతో ఎగిరిపడుతున్నాయి. ఆ నవ్వు విని అత్తయ్య బయటికి వచ్చింది. తనకు ఏ జబ్బూ లేదని తెలిశాక మొదట ఊపిరి పీల్చుకుంది. తర్వాత జరిగింది విని, “నేను కత్తిరిస్తానంటున్నానా! ఎవరంటా అన్నది?” అని గోడవైపు చూస్తూ గట్టిగా అడిగింది. గోడ అవతల తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

ఈ అపవాదు పూర్తిగా తుడిచిపెట్టుకుపోవాలంటే స్త్రీల సమాజం వాళ్లు వచ్చి లిప్పియాను కళ్లారా చూడాలని పాస్టరుగారే ఉపాయం చెప్పారు. ఆ శనివారం వాళ్ల ప్రార్థన కూడిక మా లాన్‌మీదే పెడదామన్నారు. మామయ్య సంతోషానికి హద్దు లేదు. “అందరూ నడవాలి! మధ్యలో కూర్చోవాలి!” అన్నాడు.

నేను అడ్డుచెప్పి ఉండాల్సింది. వానలు వెనకబట్టాక ఆ గుత్తులన్నీ ఒక్కసారిగా పూశాయి. బొక్కెనాకు పువ్వంటే తేనెటీగలకు పెళ్లిభోజనం. పువ్వు చిన్నది, రెండు పెదవుల్లా చీలి ఉంటుంది, గొంతులో పసుపుచుక్క. అంత చిన్న పువ్వులో ఏముందో గానీ, ఎండ ఉన్నంతసేపూ ఒక్కో గుత్తి మీద ఒక్కో ఈగ. మామయ్య వాటిని ఎప్పుడూ పట్టించుకోలేదు, ఎందుకంటే ఆయన నడిచేది తెల్లవారుజామునే. కూడిక పెట్టింది మిట్టమధ్యాహ్నం దాటగానే.

సమాజం వాళ్లంతా గేటు దగ్గర చెప్పులు విడిచి, “అయ్యో ఇదా లిప్పియా, ఎంత మెత్తగుందో” అనుకుంటూ వచ్చి లాన్ మధ్యలో నిలబడ్డారు. పాట మొదలైంది. రెండో చరణంలో సమాజం అధ్యక్షురాలు, బాగా లావుపాటి ఆవిడ, ఉన్నట్టుండి చేతులు రెండూ పైకెత్తి, “ప్రభువా!” అని గెంతింది. ఆవిడకు ఆత్మావేశం కలిగిందనుకుని మిగతావాళ్లు “హల్లెలూయ” అని గొంతు పెంచారు. ఇంతలో పక్కనావిడ గెంతింది. తర్వాత ముందువరసంతా గెంతింది. పాస్టరుగారు మాత్రం గెంతకుండా, పాటను ముగింపుదాకా తెచ్చి, అప్పుడు ఒంటికాలిమీద కుంటుకుంటూ వరండా ఎక్కారు.

ఈసారి గోడమీద పక్కింటావిడ తల కనిపించింది. ఆవిడ స్టూలెక్కి మొదటినుంచీ చూస్తోంది. చేతిలో తాంబూలం సున్నం డబ్బీ.

“వదినగారూ, ఇదుగో సున్నం! కుట్టినచోట రాయండి!” అని అందించింది. అత్తయ్య ఒక్క క్షణం ఆలోచించి అందుకుంది. అరికాళ్లకు సున్నం రాయించుకుని, గుమ్మాలనిండా తెల్లటి అడుగులు వేస్తూ సమాజమంతా మా ఇంట్లో తిరిగారు. టీ, బిస్కెట్లు అయ్యాక పక్కింటావిడ కూడా వచ్చి కూర్చుంది. అధ్యక్షురాలే అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆవిడ నవ్వుతోంటే బల్లమీద సాసర్లు కదిలాయి.

అందరూ వెళ్లాక మామయ్య మెట్లమీద కూర్చుని దిగులుపడ్డాడు. పూలన్నీ కత్తిరించేద్దామా అని కుట్టుకత్తెర పట్టుకుని ఒక పూటంతా కష్టపడ్డాడు. వారం తిరక్కుండానే గుత్తులు మళ్లీ లేచాయి. కత్తెర పదును పోయిందని అత్తయ్య రెండ్రోజులు పలకలేదు.

అప్పుడు ఆయనలోని గార్డు మేలుకున్నాడు. పక్కింటాయన దగ్గరికి వెళ్లి ఒక ఎర్రగుడ్డ, ఒక పచ్చగుడ్డ కావాలని అడిగాడు.

“ఎలక్షన్లు ఎక్కడున్నాయండీ ఇప్పుడు? పోనీ ఏదో ఒక పార్టీ చెప్పండి, రెండు రంగులు ఏంటండీ!” అన్నాడాయన.

“పార్టీ కాదండీ, తేనెటీగలకి.”

ఆయన ఇంకేమీ అడగకుండా మర్నాడు వన్ టౌన్ కొట్టునుంచి గుడ్డముక్కలు తెచ్చి ఇచ్చాడు. అత్తయ్య అంచులు కుట్టింది. ఆనాటినుంచీ ఎండ ఎక్కగానే గేటుకు ఎర్రజెండా. ఎండ తగ్గి ఈగలు ఇంటిదారి పట్టాక, మామయ్య లాన్ అంతా ఒకసారి కలియచూసి, ఈల వేసి, పచ్చజెండా ఊపేవాడు. అప్పుడే ఎవరైనా కాలుపెట్టాలి. పోస్టుమన్ కూడా ఆ నియమం పాటించేవాడు. పచ్చజెండా ఊపాక పక్కింటావిడ వచ్చి అత్తయ్యతో కలిసి లాన్ మీద కాళ్లు చాపుకుని కూర్చునేది.

ఆ చలికాలంలోనే నేను మా సెకండియర్ పిల్లల్ని లిప్పియా చూపించడానికి తీసుకొచ్చాను. మా కాలేజీలో బోటనీని ఆకుకూరల క్లాసు అనేవారు. నేను చెప్తుంటే వెనకవరస పిల్లలు ఒకరి జడ ఒకరు అల్లుకునేవారు. ఆరోజు నాకంటే ముందే మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఈల మెడలో వేసుకుని తయారుగా ఉన్నాడు.

“చూడండమ్మా, ఈ కాడ ఉంది చూశారూ, ఇది మెయిన్ లైను. ఈ కణుపు స్టేషను. స్టేషనుకి రెండువైపులా రెండు ఆకులు, అవి ప్లాట్‌ఫారాలు. బండికి నీళ్లు పట్టేది ఎక్కడ? స్టేషన్లోనే. అందుకే వేళ్లన్నీ స్టేషన్ దగ్గరే దించిద్ది. మధ్యలో లైను తెగినా ఏ స్టేషనుకా స్టేషను బతికిద్ది. ఎవరిమీదా ఆధారపడదు!”

పిల్లలు జడలు వదిలేశారు. ఒకమ్మాయి, “మరి పువ్వు ఎక్కడినుంచి వస్తదండీ?” అంది.

“ప్లాట్‌ఫారం పంచలోంచి. అదే సిగ్నలు! చూడు, స్తంభం ఎట్టా లేచిందో. కానీ ఒక్కోస్టేషన్లో ఒకవైపే సిగ్నలు లేస్తది. ఎందుకంటే బండి అటే పోతది కనక.”

ఆ చివరి కారణం ఏ పుస్తకంలోనూ లేదు. ఖండించడానికి నోరు తెరిచి, పిల్లలంతా నేలమీద మోకాళ్లూని ఒక్కో స్టేషనూ వెతుక్కుంటూ ఉండటం చూసి మూసుకున్నాను. అంత శ్రద్ధ నా క్లాసులో ఎప్పుడూ చూడలేదు.

పరీక్షలో ప్రాకే కాండం గురించి ప్రశ్న వచ్చింది. సగం పిల్లలు బొమ్మ చక్కగా వేసి, కణుపు దగ్గర బాణంగుర్తు పెట్టి ‘స్టేషన్’ అని రాశారు. ఒకమ్మాయి ఇంకో అడుగు ముందుకేసి, కణుపుల మధ్య భాగానికి ‘ఇక్కడ బండి ఆగదు’ అని రాసింది. మా హెడ్ ఆ పేపరు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

“ఇదేంటమ్మా?”

“లిప్పియా అండీ” అన్నాను.

ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ చదివింది. “వేళ్లు కణుపు దగ్గరే వస్తాయని సరిగ్గానే రాసిందిగా. వేసెయ్ మార్కులు. ఆ బండి మాత్రం కొట్టెయ్” అని వెళ్లిపోయింది.

నేను మార్కులు వేశాను. బండిని మాత్రం కొట్టేయబుద్ధి కాలేదు.